‘మీరు సంతకం పెడితే చాలు మేడమ్’

ప్రశ్న: తొంభైల్లో ఇండియాకు ఆడాను. ఎక్కువ మ్యాచ్‌లేం కాదు. స్పోర్ట్స్ కోటాలో రైల్వేలో చేరాను, ఇంకా ఆరేళ్ల సర్వీసు ఉంది. నా పేరు మీద ఒక చిన్న క్రికెట్ అకాడమీ ఉంది, రోజువారీ వ్యవహారం మా తమ్ముడు చూసుకుంటాడు. మా రాష్ట్ర క్రికెట్ సంఘానికి ఎన్నికలు రాబోతున్నాయి. ఒక ప్యానెల్ వాళ్లు ఇంటికొచ్చి నన్ను జాయింట్ సెక్రటరీగా నిలబడమన్నారు. ‘మీరు నామినేషన్ మీద సంతకం పెడితే చాలు మేడమ్, మిగతాది మేం చూసుకుంటాం’ అన్నారు. ఆ రాజకీయాలు మనకెందుకని మావారు వద్దే వద్దంటున్నారు. మా అన్నయ్య కూతురు అండర్-19 ప్రాబబుల్స్‌లో ఉంది. నేను పదవిలోకి వెళ్తే దానికి మేలో కీడో తెలియడం లేదు. కానీ మేం రైళ్లలో రిజర్వేషన్ లేకుండా తిరిగి, డార్మిటరీల్లో నేల మీద పడుకుని ఆడాం. ఈ పిల్లలకు ఏదైనా చేయాలని మాత్రం గట్టిగా ఉంది. ఏం చేయమంటారు? (పేరు, రాష్ట్రం రాయవద్దు.)

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరంలో చాలా సంగతులున్నాయి గానీ నా చూపు ఆ ప్యానెల్ వాళ్ల మాట దగ్గరే ఆగిపోయింది. సంఘం పదవి సంతకంతో అయిపోయేది కాదు. మీటింగు నోటీసులు, మినిట్సు, గ్రౌండ్ల కేటాయింపు, టీముల ప్రయాణాలు, బిల్లులు, కోర్టు కాగితాలకు జవాబులు. వాళ్లు ‘మిగతాది’ అన్నది దీన్నే. అదంతా వాళ్లే చూసుకుంటే మీకు మిగిలేది లెటర్‌హెడ్ మీద పేరు. ప్యానెల్ ఫొటోలో ఒక ఇండియా ప్లేయర్ ఉంటే బాగుంటుంది, అదీ మహిళైతే ఇంకా బాగుంటుంది. అందులోనూ 2025 నవంబరులో మనమ్మాయిలు ప్రపంచ కప్ గెలిచాక, కడప జిల్లా నుంచి వెళ్లిన శ్రీచరణి ఆ టోర్నీలో 14 వికెట్లు తీశాక, నిన్నటిదాకా మహిళల మ్యాచ్ స్కోరు కూడా అడగనివాళ్లకు అమ్మాయిల క్రికెట్ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. నాకు వీళ్ల మీద కోపం లేదు, నమ్మకం మాత్రం లేదు.

నా సలహా ముందే చెప్పేస్తాను. ఈ ఎన్నికల్లో, ఈ ప్యానెల్ తరఫున నిలబడకండి. పరిపాలనలోకి మాత్రం రండి. ఆ రెండింటి మధ్య మీకు ఆరేళ్ల టైముంది. ఆ ఆరేళ్లు ఎందుకు కావాలో చెప్తాను.

ముందు మీ ఉద్యోగం సంగతి. మీ ఇంట్లో కాఫీ తాగిన పెద్దమనుషులు ఇది చెప్పి ఉండరు. క్రికెట్ పాలనను సంస్కరించడానికి సుప్రీంకోర్టే వేసిన లోధా కమిటీ సిఫారసులను 2016 జూలైలో ఆ కోర్టు ఆమోదించాక భారత క్రికెట్ బోర్డుకూ, రాష్ట్ర సంఘాలకూ నియమావళి మారింది. మంత్రులూ, ప్రభుత్వ ఉద్యోగులూ ఆఫీస్ బేరర్లుగా ఉండకూడదన్న నియమం ఆ సంస్కరణల్లోదే. రైల్వేలో పనిచేసేవాళ్లు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులే కదా. మీ రాష్ట్ర సంఘం నియమావళిలో ఈ క్లాజును ఏ మాటల్లో రాశారో మీరే తెప్పించుకుని చదవండి. వాళ్లు ఫోన్‌లో చెప్పింది నమ్మకండి.

అది ఒక గడప. రెండో గడప మీ సర్వీసు రూల్సు. రైల్వే ప్రవర్తనా నియమావళి ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా ఏ సంస్థలోనూ ఎన్నికల ద్వారా వచ్చే పదవిలో ఉండకూడదు. అంతేకాదు, అలాంటి పదవికి పోటీ చేసే ఇంకొకరి తరఫున ప్రచారం కూడా చేయకూడదు. అంటే మీరు నిలబడకుండా ఊరికే వాళ్లతో కలిసి నాలుగు క్లబ్బులకు తిరిగినా మెమో ఇవ్వడానికి అది చాలు. వ్యాపారం చేయడానికీ అనుమతి కావాలి. అకాడమీ మీ పేరు మీద ఉంది కాబట్టి ఆ కాగితాలు కూడా ఒకసారి సరిచూసుకోండి, ఎన్నికలతో పనిలేకుండా.

ఎదుటి ప్యానెల్ వాళ్లకు ఇవన్నీ కంఠతా వచ్చు. నామినేషన్ల పరిశీలన రోజున ఒక అభ్యంతరం పత్రం, దానికి జతగా మీ ఉద్యోగ వివరాలు. అంతే, మీ పేరు ఎగిరిపోతుంది. అజారుద్దీన్ అంతటి వాడి నామినేషనే 2017 జనవరిలో హైదరాబాద్ క్రికెట్ సంఘం ఎన్నికల్లో తిరస్కరించారు. మీకైతే దాంతో ఆగదు, ఆ కాగితం ఒక కాపీ మీ ఆఫీసుకూ వెళ్తుంది. ఆరేళ్ల సర్వీసునూ, పెన్షన్‌నూ ఒక గౌరవ పదవి కోసం టెన్షన్‌లో పెట్టుకోవడం నాకు నచ్చలేదు. మీవారి భయంలో సగం నిజం ఇదే. ఆయన రాజకీయాలు అన్నారు గానీ, అసలు చిక్కు రూల్సులో ఉంది.

ఇక ఓట్ల సంగతి. మనవాళ్లలో ఒక అమాయకత్వం ఉంది, గొప్పగా ఆడినవాడు నిలబడితే అందరూ చేతులెత్తి గెలిపిస్తారని. ముంబై సంఘం అధ్యక్ష పదవికి 2001లో అజిత్ వాడేకర్ పోటీ చేస్తే శరద్ పవార్ చేతిలో ఓడిపోయారు. 1971లో వెస్టిండీస్‌లో, ఇంగ్లండ్‌లో సిరీస్‌లు గెలిపించిన కెప్టెన్ ఆయన. పదేళ్ల తర్వాత 2011లో దిలీప్ వెంగ్‌సర్కార్ నిలబడ్డారు. లార్డ్స్‌లో మూడు సెంచరీలు కొట్టినాయన. విలాస్‌రావ్ దేశ్‌ముఖ్ గెలిచారు. స్టేడియంలో చప్పట్లు కొట్టినవాళ్లకు అక్కడ ఓటు లేదు. ఓటు క్లబ్బులది. ఆ క్లబ్బు సెక్రటరీకి కావలసింది తన టీముకు లీగ్‌లో మంచి గ్రౌండు, కాంప్లిమెంటరీ పాసులు, తన కుర్రాడికి ట్రయల్స్‌లో ఒక అవకాశం. ఏళ్ల తరబడి అతని ఫోన్ ఎత్తినవాడికే అతని ఓటు. పదవి కోసం ఎన్నికల ముందు నెల దిగివచ్చిన స్టార్‌తో అతను సెల్ఫీ దిగుతాడు, ఓటు వేరేవాళ్లకు వేస్తాడు. ఇందులో తప్పు పట్టడానికి కూడా నాకు మనసొప్పదు. వానొస్తే పిచ్ కప్పేది, చలికాలం పొద్దున్నే వచ్చి స్టంపులు పాతించేది అతనే మరి.

అటువైపు కూడా చెప్పాలి. ఆట రానంత మాత్రాన అధికారం రాకుండా పోదు. మన విజయనగరం మహరాజకుమార్ విజ్జీ 1936లో ఇంగ్లండ్ టూర్‌కు కెప్టెన్‌గా వెళ్లి మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు చేశారు, మధ్యలో లాలా అమర్‌నాథ్‌ను ఇంటికి పంపించేశారు. ఆయనే 1954లో బోర్డు అధ్యక్షుడయ్యారు.

హైదరాబాద్ ఉదాహరణ కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మీకు రాగల ఇబ్బందులన్నీ ఆ ఒక్క కథలోనే ఉన్నాయి. అజారుద్దీన్ 99 టెస్టులు ఆడారు. 2000లో మ్యాచ్ ఫిక్సింగ్ కేసులో బోర్డు జీవితకాల నిషేధం విధిస్తే 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2019 సెప్టెంబరులో భారీ ఆధిక్యంతో హైదరాబాద్ సంఘం అధ్యక్షుడయ్యారు. ఆటగాడొచ్చాడు, ఇక అంతా బాగుపడుతుందని మేమంతా అనుకున్నాం. 2021 వచ్చేసరికి తనతో పాటు గెలిచిన అపెక్స్ కౌన్సిలే, అంటే సంఘం కార్యవర్గమే, ఆయన్ను సస్పెండ్ చేసింది, ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టారు. ఒక ఇంట్లో రెండు పొయ్యిలన్నట్టు నడిచింది వ్యవహారం. 2022 సెప్టెంబరులో ఆస్ట్రేలియాతో ఉప్పల్‌లో టీ20కి టికెట్లు అమ్ముతుంటే జింఖానా గ్రౌండ్ దగ్గర తొక్కిసలాట జరిగి జనం గాయపడ్డారు. టికెట్ల ఏర్పాట్లలో ఎవరి పాత్ర ఎంత అన్నది లోపలివాళ్ల సంగతి. కెమెరాలు మాత్రం అజార్ ముందు నిలబడ్డాయి. పేరున్నవాడిని పదవిలో పెట్టుకుంటే సంఘంలో మిగతావాళ్లకు దొరికే సుఖం ఇదేనమ్మా, తిట్లన్నీ ఆ పేరుకే వెళ్తాయి.

2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కల్పించుకుని జస్టిస్ లావు నాగేశ్వరరావు గారికి సంఘం బాధ్యత అప్పగించింది. ఒక్కరి చేతిలోనే ఒకటికి మించి క్లబ్బులున్నాయని తేల్చి, ఆయన చాలా క్లబ్బులను ఓటింగుకు దూరం పెట్టారు. అజారుద్దీన్‌కు కూడా పోటీ చేసే అర్హత లేదన్నారు. కారణం బ్యాటింగ్ కాదు, టికెట్లు కాదు, పాత కేసు కూడా కాదు. సంఘం అధ్యక్షుడిగా ఉంటూనే డెక్కన్ బ్లూస్ అనే క్లబ్బుకూ అధ్యక్షుడిగా ఉన్నారన్నది. రెండు కుర్చీలు, ఒక మనిషి.

ఆ తర్వాత జరిగిన అధ్యక్ష ఎన్నిక 63కు 62, ఒక్క ఓటు తేడాతో తేలింది. అలా గెలిచిన అధ్యక్షుడిని 2025 జూలైలో సీఐడీ అరెస్టు చేసింది, సంఘం కోశాధికారినీ, సీఈఓనూ కూడా. కేసు కోర్టులో తేలాల్సిందే, నేను తీర్పు చెప్పడం లేదు. మీరు గమనించాల్సింది ఒకటే. ప్యానెల్‌గా గెలిస్తే పక్క కుర్చీలో కూర్చున్నవాడి లెక్కలకు మీరు కూడా జవాబు చెప్పాలి. ‘నన్ను సంతకం పెట్టమన్నారు, పెట్టాను’ అన్న మాట ఏ అధికారి ముందూ చెల్లదు.

మీ అకాడమీ సంగతి సరిగ్గా అజార్ రెండు కుర్చీల కోవలోకే వస్తుంది. ఒక మనిషి ఒకేసారి రెండు పట్టుకోకూడని పాత్రల జాబితా బోర్డు నియమావళిలో ఉంది. ఆటగాడు, సెలెక్టర్, కామెంటేటర్, ఫ్రాంచైజీ ఉద్యోగి, ఆఫీస్ బేరర్ ఇలా సాగుతుంది. ఆ జాబితాలో ‘క్రికెట్ అకాడమీ యజమాని’ అని స్పష్టంగా రాసి ఉంది. నడిపేది తమ్ముడే అన్న మాట నిలబడదు, పేరు మీది. పేరు తమ్ముడికి మార్చినా సరిపోతుందనుకోకండి, దగ్గర బంధువుల ద్వారా వచ్చే ప్రయోజనాన్ని కూడా అదే నియమం చూస్తుంది. రాహుల్ ద్రావిడ్ లాంటి మనిషికే 2019లో జాతీయ క్రికెట్ అకాడమీ బాధ్యత ఇచ్చినప్పుడు చెన్నై సూపర్ కింగ్స్‌తో సంబంధమున్న ఇండియా సిమెంట్స్‌లో ఉద్యోగం గురించి ఎథిక్స్ ఆఫీసర్ నోటీసు వచ్చింది, సెలవులో ఉన్నానని వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. మన లక్ష్మణ్‌కూ సన్‌రైజర్స్ మెంటర్‌గా, బోర్డు సలహా కమిటీ సభ్యుడిగా ఉన్నందుకు అలాంటి నోటీసే వచ్చింది. వీళ్లెవరూ దొంగలు కారు. ఈ ఆటలో అన్నం పెట్టే పనులన్నీ ఒకదానితో ఒకటి పెనవేసుకుపోయి ఉంటాయి, మాజీ ఆటగాళ్లే అందులో ముందు ఇరుక్కుంటారు.

మేనకోడలి విషయం దీనికంటే సున్నితం. నియమం ప్రకారమైతే దారి ఉంది. పదవిలో చేరిన 15 రోజుల్లో రాతపూర్వకంగా ఫలానా బంధుత్వం ఉందని తెలియజేయాలి, ఆ అమ్మాయి ఉన్న ఎంపికల్లోకి వెళ్లకూడదు. కాగితం మీద అంతటితో సరిపోతుంది. గ్రౌండ్‌లో సరిపోదు. ఆ పిల్ల ఐదు వికెట్లు తీసి టీమ్‌లోకి వచ్చినా ‘వాళ్ల అత్త జాయింట్ సెక్రటరీ కదా’ అంటారు. డ్రెస్సింగ్ రూమ్‌లో తోటి పిల్లలే అంటారు. పద్దెనిమిదేళ్ల వయసులో ఆ మాట మోయడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా? తను సీనియర్ జట్టులో కుదురుకునేదాకా మీరు ఆగడం మంచిదనడానికి ఇదొక్కటే చాలు నాకు.

ఇన్ని అడ్డంకులు చెప్పి, మరి రమ్మంటారేంటి అని మీరు అడగవచ్చు. డయానా ఎడుల్జీని చూసి అంటున్నాను. మీకు ఆమె గురించి నాకంటే ఎక్కువ తెలిసే ఉంటుంది. ఇండియా కెప్టెన్, వెస్టర్న్ రైల్వేలో స్పోర్ట్స్ ఆఫీసర్. రైల్వే సర్వీసు ముగిశాక, 2017 జనవరి చివర్లో సుప్రీంకోర్టు బోర్డును నడపడానికి వేసిన నలుగురి కమిటీలో ఆమె ఒకరు. అప్పటికి 61 ఏళ్లు. మిగతా ముగ్గురూ మాజీ కాగ్ అధిపతి వినోద్ రాయ్, చరిత్రకారుడు రామచంద్ర గుహ, బ్యాంకింగ్ రంగం నుంచి విక్రమ్ లిమయే. ఇండియాకు ఆడింది ఆమె ఒక్కరే. కొన్ని నెలల్లోనే గుహ, లిమయే వెళ్లిపోయారు. 2019 ఫిబ్రవరిలో రవి థోడ్గే చేరేదాకా రాయ్, ఎడుల్జీ ఇద్దరే.

ఆ ఇద్దరికీ చాలా విషయాల్లో పడలేదు. సీఈఓ మీద ఫిర్యాదు వచ్చినప్పుడు, మహిళల జట్టు కోచ్‌ను మార్చినప్పుడు ఆమె అభిప్రాయం వేరు. 2018 చివర్లో మిథాలీ రాజ్‌ను టీ20 ప్రపంచ కప్ సెమీఫైనల్‌లో ఆడించకపోవడం మీద దేశమంతా గొడవ జరిగినప్పటి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ కోచ్ విషయంలో ఆమె వైపు నేను లేను. కానీ ఆమె పనిచేసిన తీరు నాకు నచ్చింది. ఒప్పుకోని చోట ఒప్పుకోనని రాతలో పెట్టేవారు, ఈమెయిల్‌లో, కారణాలతో సహా.  ఏళ్ల తరబడి రైల్వే ఆఫీసులో కూర్చుని నేర్చుకున్న విద్య ఇది. నోటింగ్ రాయడం, ఏ ఫైలు ఎవరి టేబుల్ మీద ఆగిందో కనిపెట్టడం మీకూ వచ్చు. లెఫ్టార్మ్ స్పిన్ కంటే ఆమెకు అక్కడ ఇదే ఎక్కువ పనికొచ్చిందని నా నమ్మకం.

సౌరవ్ గంగూలీ కూడా నేరుగా బోర్డు కుర్చీలో కూర్చోలేదు. 2014లో బెంగాల్ సంఘంలో జాయింట్ సెక్రటరీగా మొదలుపెట్టారు, మీకు ఇప్పుడు ఇస్తామంటున్న పదవే. అప్పటి అధ్యక్షుడు జగ్‌మోహన్ దాల్మియా దగ్గర పని చూశారు, ఆయన పోయాక 2015లో అధ్యక్షుడయ్యారు. 2019 అక్టోబరు 23న బోర్డు పగ్గాలు పట్టుకుంటే నవంబరు 22న ఈడెన్ గార్డెన్స్‌లో దేశంలోనే మొదటి పింక్ బాల్ (డే-నైట్) టెస్టు మొదలైంది. ఏళ్ల తరబడి వద్దు వద్దని నానబెట్టిన దాన్ని నెలలో తేల్చేశారు. ఆటగాడు పదవిలో ఉంటే ఏం జరుగుతుందో చెప్పమంటే నేను చూపించేది ఇదే.

మీ లెక్క వేసి చూశాను. అరవైకి మీరు రిటైరవుతారు. పదవికి వయసు పరిమితి డెబ్బై. ఒక్కో దఫా మూడేళ్లు, రాష్ట్ర సంఘంలో మొత్తం తొమ్మిదేళ్ల వరకు ఉండవచ్చు. అంటే మీకేమీ ఆలస్యం కావడం లేదు, కావాలంటే వరసగా రెండు దఫాలు చేయవచ్చు. పైగా 2025లో వచ్చిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం జాతీయ సంఘాల కార్యవర్గంలో పేరున్న క్రీడాకారులు కనీసం ఇద్దరు, మహిళలు కనీసం నలుగురు ఉండాలంటోంది. మీలాంటివాళ్ల అవసరం ఇంకా పెరుగుతుంది గానీ తగ్గదు.

ఈలోపల ఖాళీగా కూర్చోమనడం లేదు. దేశానికి ఆడినవాళ్లకు రాష్ట్ర సంఘంలో సభ్యత్వం, ఓటు వాటంతట అవే వస్తాయి. మీ పేరు ఓటర్ల జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి, చాలామంది మహిళా ప్లేయర్ల పేర్లు అడిగితే గానీ ఎక్కవు. 2006కు ముందు మహిళల సంఘం వేరుగా ఉన్న కాలంలో ఆడినవాళ్లు మీరు, పాత రికార్డు కాగితాలు మీరే వెతికి ఇవ్వాల్సి రావచ్చు. ఏజీఎంకు, అంటే వార్షిక సర్వసభ్య సమావేశానికి వెళ్లండి. వార్షిక నివేదికతో పాటు ఆడిట్ చేసిన లెక్కలు చేతికిస్తారు. అందరూ దాన్ని మడిచి భోజనాల వైపు నడుస్తారు. మీరు మహిళల క్రికెట్ ఖర్చు అన్న వరుస పట్టుకోండి. అమ్మాయిల లీగ్ ఎన్ని రోజులు జరిగింది? టర్ఫ్ మీద ఎన్ని మ్యాచ్‌లు, మ్యాటింగ్ మీద ఎన్ని? ఆ గ్రౌండ్లలో ఎన్నింటికి తలుపు గడియ పడే టాయిలెట్ ఉంది? జిల్లాల నుంచి ట్రయల్స్‌కు వచ్చిన పిల్లలు రాత్రి ఎక్కడ ఉన్నారు? లేచి అడిగితే సభ్యురాలిగా అడిగినట్టే, దానికి ఏ పదవీ అక్కర్లేదు. మినిట్సులో మీ ప్రశ్న ఎక్కించమని అడగండి, మర్చిపోతారు, మళ్లీ అడగండి.

మీ రైల్వే జోన్ స్పోర్ట్స్ విభాగంలో టోర్నమెంటు ఏర్పాట్ల పని దొరికితే వదులుకోకండి. యాభై మంది అమ్మాయిలకు బస, తిండి, బస్సు, ఫిజియో, వర్షం పడితే రిజర్వ్ డే ఏర్పాటు చేసి, చివర్లో బిల్లులు సెటిల్ చేసి చూస్తే జాయింట్ సెక్రటరీ పని ఏమిటో తెలిసిపోతుంది. ఎన్నికలు అసలు పడవనిపిస్తే మ్యాచ్ రిఫరీ దారి ఒకటుంది. రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి 2019లో ఐసీసీ అంతర్జాతీయ ప్యానెల్లో మొదటి మహిళా రిఫరీ అయ్యారు, ఎవరి ప్యానెల్లోనూ చేరకుండానే.

మీవారికి ఈ ఉత్తరం చూపించండి. ఆయన వద్దన్నది ఈసారికి సరైన మాటే, ఎప్పటికీ కాదు. రిటైరయ్యాక మళ్లీ ఈ చర్చ వస్తే ఆయన పక్కన కూర్చుని క్లబ్బుల జాబితా రాసిపెట్టేలా ఇప్పటినుంచే మెల్లగా ఒప్పించుకోండి, ఎన్నికల్లో ఇంట్లోవాళ్ల ఓపిక కూడా ఖర్చవుతుంది.

ఇక ఆ ప్యానెల్ వాళ్లకు ఏం చెప్పాలి అంటారా. తగువు పెట్టుకోకండి, రేపు వాళ్లే గెలవవచ్చు, అమ్మాయిల గ్రౌండు కోసం వాళ్ల గుమ్మానికే వెళ్లాల్సి రావచ్చు. డిపార్ట్‌మెంట్ పర్మిషన్ రాదండీ, రూల్స్ ఒప్పుకోవు అనండి, నిజం కూడా అదే. నామినేషన్ ఫారం మీద మీ దగ్గర ముందే సంతకం తీసుకుని ఉంటే మాత్రం మొహమాటపడకుండా ఆ కాగితం వెనక్కి తెచ్చుకోండి. ఇవ్వకపోతే, పోటీ చేసే ఉద్దేశం నాకు లేదని ఎన్నికల అధికారికి ఒక ఉత్తరం రాసి, అందినట్టు స్టాంపు వేయించుకుని ఇంట్లో పెట్టుకోండి.